కాగితంలో మాట నిలబడాలి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





విదేశాల్లో స్థిరపడాలనుకునే మన పిల్లలకు సంస్థ ఏం చేయగలదో చెప్పమని ఈ ఏడు మమ్మల్ని అడిగారు. మేము విదేశం చూసినవాళ్లం కాదు. బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. కానీ కొన్నేళ్లుగా మా దగ్గర చదివిన పిల్లలు కెనడా దరఖాస్తు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. వాళ్లతో పాటు కూర్చుని, నిబంధనలు చదివి మేము తెలుసుకున్నదే ఇక్కడ చెబుతున్నాం. అందులో మా తప్పు కూడా ఒకటుంది. దాన్నీ దాచకుండా చెబుతాం.

ముందుగా దాతల్లో కొందరు అడిగే ప్రశ్న. "మన డబ్బుతో చదివి, మన ఊరు వదిలి పోయేవాళ్లకు మళ్లీ మనమే ఎందుకు సాయం చేయాలి?" న్యాయమైన ప్రశ్నే. మన ఇళ్లల్లో గల్ఫ్ కొత్త కాదు. అక్కడ ఇరవై ఏళ్లు చెమటోడ్చినా బతుకు ఇకామా మీదే ఉంటుంది. పని పోతే పెట్టె సర్దుకోవాలి. శాశ్వత నివాసం అలా కాదు. అది ఒక యజమాని చేతిలో ఉండదు. కెనడాలో శాశ్వత నివాసి అయినవారు 5 ఏళ్లలో 1,095 రోజులు అక్కడ ఉంటే పౌరసత్వానికి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. భార్యాపిల్లలు కూడా అదే దరఖాస్తులో వెళ్లవచ్చు. ఒక బిడ్డ అలా నిలదొక్కుకుంటే వెనక చెల్లెళ్ల చదువులు, తల్లి వైద్యం గట్టెక్కుతాయి. వద్దన్నా పిల్లలు వెళ్లే రోజులివి. వెళ్లేవాళ్లు మోసపోకుండా, మోసం చేయకుండా వెళ్లేలా చూడటమే మన పని. ఇంకొక మాట. ఈ పనికి జకాత్ సొమ్ము ముట్టుకోలేదు. ఇది సదఖా నుంచి, ఖర్జె హసనా నుంచి నడుస్తున్నది.

ఇప్పుడు దారి ఏమిటో చూద్దాం. కెనడా 2015 జనవరి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి నడుపుతోంది. అందులో ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అనే విభాగం బయటి దేశాల్లో పనిచేసినవారికి బాగా తెలిసినది. స్కిల్డ్ అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే అనుకుంటాం. నర్సు, ఎలక్ట్రీషియన్, వెల్డర్ కూడా ఆ లెక్కలో ఉన్నారు. గత 10 ఏళ్లలో కనీసం ఒక ఏడాది, విరామం లేకుండా, జీతానికి చేసిన పని ఉండాలి. ఇంగ్లీషు పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ కనీస స్థాయి అందుకోవాలి. ఐఇఎల్‌టిఎస్ జనరల్ ట్రైనింగ్‌లో అది ఒక్కోదానికి 6. ఆపైన ఆరు అంశాలకు కలిపి 100 మార్కులు వేస్తారు. 67 వస్తే పాసు.

మేము టీచర్లం కాబట్టి లెక్క చేసి చూపిస్తాం. బి.ఎస్సీ. నర్సింగ్ చేసిన 29 ఏళ్ల అమ్మాయి ఉందనుకోండి. ఆసుపత్రిలో నాలుగేళ్లు పనిచేసింది. కెనడాలో చుట్టాలు లేరు, ఉద్యోగం ఇస్తామన్నవారూ లేరు. డిగ్రీకి 21, అనుభవానికి 13, వయసుకు 12, మొత్తం 46. ఇంగ్లీషులో కనీస స్థాయి వస్తే 16 కలుస్తాయి. 62, ఫెయిలు. అన్నింటిలో ఒక మెట్టు ఎక్కితే 20 కలుస్తాయి. 66, ఒక్క మార్కుతో ఫెయిలు. ఇంకో మెట్టు ఎక్కి, వినడంలో 8, మిగతా మూడింటిలో 7 తెచ్చుకుంటే 24 కలుస్తాయి. 70, పాసు. అదే డిగ్రీ, అదే అనుభవం. తేడా అంతా ఇంగ్లీషుదే. సాయంత్రం ఇంగ్లీషు క్లాసుకు మీరిచ్చే చందా ఎంత పని చేస్తుందో ఇక్కడ కనిపిస్తుంది. (మా వయసుకు ఎన్ని మార్కులో కూడా చూసుకున్నాం. సున్నా.)

67 రావడంతో పని అయిపోదు. అది గేటు మాత్రమే. లోపల 1,200 మార్కుల కొలమానం మీద అందరినీ వరుసలో నిలబెడతారు. 29 ఏళ్లు దాటాక వయసు మార్కులు ఏటా తగ్గుతాయి. ఒక ప్రావిన్సు మన పేరు సిఫారసు చేస్తే 600 కలుస్తాయి. పైవరుసలో ఉన్నవారికి పిలుపు వస్తుంది. పిలుపు వచ్చాక పూర్తి కాగితాలు పెట్టడానికి 60 రోజులే గడువు. మన పిల్లలు జారిపడేది ఈ 60 రోజుల్లోనే. ఎందుకంటే ఆ కాగితాలు 60 రోజుల్లో తయారయ్యేవి కావు. కొన్ని ఒకటో తరగతిలోనే తయారై ఉంటాయి.

ఇక్కడే మా తప్పు చెప్పాలి. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి నర్సు అయింది. డిగ్రీ విలువ కట్టించుకోవడానికి పంపింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు "ఎస్‌కె", డిగ్రీలో "షేక్", పాస్‌పోర్టులో తండ్రి పేరుతో కలిపి మరో రకంగా ఉంది. ముగ్గురు మనుషులా, ఒక్కరా అన్నట్టుంది వ్యవహారం. అఫిడవిట్లు, పత్రికా ప్రకటన, యూనివర్సిటీ చుట్టూ తిరుగుళ్లు. నెలలు గడిచాయి. ఈలోగా రెండేళ్లే చెల్లే ఇంగ్లీషు పరీక్ష ఫలితం గడువు తీరింది. మళ్లీ రాసింది. ఇంకో పుట్టినరోజు వచ్చి మార్కులు తగ్గాయి.

మూలం ఎక్కడో చూద్దామని బడిలో పాత అడ్మిషన్ రిజిస్టరు తీశాం. "ఎస్‌కె" అని రాసింది మా చేతి రాతే. ఆ రోజు గడి చిన్నది, వరుస పెద్దది. షేక్‌ని ఎస్‌కె అని, మహమ్మద్‌ని ఎం.డి. అని కుదించాం. తల్లికి పుట్టిన తేదీ గుర్తులేదంటే జూన్ 1 అని వేశాం. ఎంతమందికి అలా వేశామో మాకే తెలియదు. ఆ అమ్మాయి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీరు రాసినప్పుడు నేను కెనడా పోతానని ఎవరికి తెలుసు సార్" అంది. ఆ మాట మాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

ఇప్పుడు పదో తరగతి నామినల్ రోల్స్ పంపే ముందు ప్రతి బిడ్డ తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఆధార్, జనన ధ్రువీకరణ పత్రం పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం చదివిస్తున్నాం. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండో సంగతి డబ్బు గురించి. దీని మీద మన కమిటీలో గట్టిగానే వాదన జరిగింది. వెళ్లేవాళ్లు అక్కడ కాలు మోపాక బతకడానికి సొంత డబ్బు ఉందని చూపాలి. ఒక్క మనిషికి సుమారు 15 వేల కెనడా డాలర్లు. మన లెక్కలో తొమ్మిది లక్షల పైమాటే. కుటుంబం పెరిగితే అదీ పెరుగుతుంది. బ్యాంకు ఉత్తరంలో ఆరు నెలల సగటు నిల్వ కూడా కనబడాలి. ఒక కుర్రాడు వచ్చి, "పది లక్షలు నా ఖాతాలో వేయండి, పని కాగానే తిరిగి ఇచ్చేస్తాను" అన్నాడు. మంచివాడు, ఎగ్గొట్టే రకం కాదు. "వడ్డీ లేదు, ఎవరికీ నష్టం లేదు, ఇందులో పాపమేముంది మాస్టారూ?" అని ఒక పెద్దాయన మమ్మల్నే అడిగారు.

నిబంధన చదివి వినిపించాం. ఆ డబ్బు అప్పు చేసింది కాకూడదు. అంటే మనం ఇచ్చేది ఖర్జె హసనా కాదు, అబద్ధానికి సాక్ష్యం. పైగా అది దాతల అమానత్. కమిటీ కాదంది. ఆ కుర్రాడు ఏడాది పాటు మాతో మాట్లాడలేదు. ఈద్‌గాలో ఎదురైనా ముఖం తిప్పుకునేవాడు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు. నెలనెలా కొంత దాచుకుంటున్నాడు. ఇంకా వెళ్లలేదు. వెళ్తాడో లేదో చెప్పలేం. కానీ అతని కాగితంలో అబద్ధం లేదు.

అబద్ధం ఉంటే ఏమవుతుందో కూడా చూశాం. వేరొక అబ్బాయికి ఏజెంటు ఒకడు చేయని పనికి అనుభవపత్రం పుట్టించి ఇచ్చాడు. అది బయటపడింది. తప్పుడు సమాచారం ఇచ్చినవారికి కెనడా చట్టంలో 5 ఏళ్ల నిషేధం ఉంది. "నాకు తెలియదు, ఏజెంటు పెట్టాడు" అంటే చెల్లలేదు. సంతకం అతనిది. వయసుకు మార్కులు తగ్గే చోట 5 ఏళ్లంటే తలుపు మూసినట్టే.

అందుకని తల్లిదండ్రులకు కొన్ని మాటలు. డబ్బు తీసుకుని సలహా ఇచ్చే కన్సల్టెంటుకు కెనడాలో లైసెన్సు ఉండాలి. ఆ పేర్లు వాళ్ల నియంత్రణ సంస్థ జాబితాలో అందరికీ కనబడేలా ఉంటాయి. వెతికి చూడండి. "గ్యారంటీ" అన్నవాడి గడప దిగేయండి. గల్ఫ్‌లో పని మానేసే రోజునే అనుభవపత్రం అడిగి తెచ్చుకోమని పిల్లలకు చెప్పండి. అందులో చేసిన పని, తేదీలు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత అన్నవి రాసి ఉండాలి. పదేళ్లలో ఏ దేశంలో వరుసగా ఆరు నెలలు ఉన్నా అక్కడి పోలీసు సర్టిఫికెట్ కావాలి. నర్సులు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. శాశ్వత నివాసం వచ్చినంత మాత్రాన ఆసుపత్రిలో పని రాదు. ఆ ప్రావిన్సు లైసెన్సు వేరే. నివాస పర్మిట్టు కోసం ఇంటి స్థలం అమ్మేముందు ఇవన్నీ అడిగి తెలుసుకోండి.

ఇక దాతలను అడిగేవి మూడు. ఒకటి, ఇంగ్లీషు క్లాసుకు, పరీక్ష ఫీజుకు, డిగ్రీ విలువ కట్టించే ఫీజుకు ఖర్జె హసనా నిధి పెంచండి. అది ఎవరి ఖాతాలోనూ చూపించడానికి వేసే డబ్బు కాదు, ఖర్చయ్యే డబ్బు. రెండు, మీలో వకీళ్లున్నారు. నెలకు ఒక శుక్రవారం నమాజు తర్వాత గంటసేపు కూర్చుని పిల్లల పేర్లు, తేదీల సవరణలు చూసిపెట్టండి. మూడు, మీ పిల్లలు ఇప్పటికే అక్కడ ఉంటే, ఆదివారం ఒక అరగంట ఫోనులో మన పిల్లలతో ఉన్నది ఉన్నట్టు మాట్లాడించండి. చలి గురించి, అద్దె గురించి, మొదటి ఏడాది దొరికే చిన్న పని గురించి కూడా చెప్పమనండి.

మన పిల్లలు వెళ్లినా, ఉన్నా, వాళ్ల చేతిలో కాగితం నిజమైనదిగా ఉండాలి. దాని మొదటి అక్షరం మా రిజిస్టరులో పడుతుంది. ఇకమీదట అక్కడ మేము కుదించం.

 మన పిల్లల కోసం దువా చేయండి.