అడవి దారికి అంకెల గుర్తు



పట్నం రోడ్డుకు మైలురాయి ఉంటుంది. అడవి దారికి ఏముంటుంది? ఒక చింతచెట్టు, ఒక ఊట, ఒక బండ. నడిచే వాళ్ళకు ఆ గుర్తులు చాలు. ఆఫీసులో కాగితం చూసే వాళ్ళకు చాలవు. రుజువు ఏదీ అంటారు. కర్ణాటకలోని సోలిగ గిరిజనులకు ఇదే కష్టం వచ్చింది. వాళ్ళు ఏం చేశారో వినండి.

చామరాజనగర్ జిల్లాలో బిళిగిరి రంగన కొండలున్నాయి. అక్కడి స్వామి రంగనాథుడు. ఆయన కుసుమాలె అనే సోలిగ పిల్లను పెళ్ళాడాడని కథ. అందుకే సోలిగలకు స్వామి బావ అవుతాడు. మన చెంచులక్ష్మి, అహోబిలం నరసింహస్వామి కథ లాంటిదే ఇది.

1974లో ఆ కొండల్లో అభయారణ్యం పెట్టారు. అంటే జంతువులను కాపాడే అడవి. లోపలున్న సోలిగలను అక్కడి నుంచి తరలించారు. పోడు ఆగిపోయింది. తరవాత తేనె, ఉసిరికాయలు అమ్ముకోవడం కూడా వద్దన్నారు. దేవుడి రాళ్ళు, తాతల సమాధులు మాత్రం అడవిలోనే ఉన్నాయి.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అది అభయారణ్యాలకూ, నేషనల్ పార్కులకూ కూడా వర్తిస్తుంది. హక్కు అడగాలంటే చోటు చూపించాలి. సోలిగ పెద్దలు, పరిశోధకులు కలిసి అడవి దారులు నడిచారు. చేతిలో జీపీఎస్ యంత్రం పట్టుకున్నారు.

ఆ యంత్రం ఎట్లా పని చేస్తుంది?

అది అరచేతిలో పడుతుంది. భూమికి 20 వేల కిలోమీటర్ల ఎత్తున అమెరికా వాళ్ళ ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. అవి ఎప్పుడూ టైము చెబుతూ ఉంటాయి. ఆ కబురు చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి, యంత్రం దూరం లెక్క కడుతుంది. నాలుగు ఉపగ్రహాలు అందితే, నిలబడ్డ చోటు తెలుస్తుంది. దాన్ని అంకెల్లో చూపిస్తుంది. బటన్ నొక్కితే దాచుకుంటుంది.

2000 మే నెల దాకా మామూలు జనానికి లెక్క కావాలనే తప్పించి ఇచ్చేవారు. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. ఇప్పుడు తేడా కొద్ది మీటర్లే. దట్టమైన చెట్ల కింద, లోయల్లో కబురు సరిగా అందదు. అప్పుడు తెరిపి చోట నిలబడి ఆగాలి.

కానీ యంత్రానికి అంకెలే తెలుసు. చోటు పేరు తెలియదు. ఇది ఊట, ఇది సమాధి అని సోలిగ పెద్దలే చెప్పాలి. అంకె పక్కన పేరు రాస్తేనే పటం అవుతుంది. అట్లా వందల చోట్లకు గుర్తులు పెట్టారు. 2011లో 25 సోలిగ గ్రామసభలకు అడవి మీద సామూహిక హక్కు పత్రాలు అందాయి.

ఇదే చట్టం నల్లమలకూ, పాడేరుకూ, ఉట్నూరుకూ ఉంది. సాగుభూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. 2012లో మారిన నిబంధనల ప్రకారం గ్రామసభకు వచ్చిన వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. యంత్రం లెక్క ఒక్కటే సాక్ష్యం కాదు. పెద్దలు చెప్పి రాయించిన మాట కూడా సాక్ష్యమే.

కాబట్టి సర్వేకు వస్తే, మగవాళ్ళను పంపి ఇంట్లో కూర్చోకండి. వెంట నడవండి. మూల కోసేసి నడిస్తే భూమి తగ్గిపోతుంది. నాలుగు మూలలూ తిప్పండి. రాసింది చదవండి. చదివాకే సంతకం పెట్టండి.

ఈ రోజు ఒక పని చేయండి. నీళ్ళకూ, కట్టెలకూ మీరు వెళ్ళే దారులు నేల మీద ముగ్గుతో గీయండి. చెట్టు, బండ, వాగు పేర్లు రాయండి. తరవాత నోటు పుస్తకంలోకి ఎక్కించండి.