వైద్యవిద్యార్థికి పల్లె నేర్పు పాఠము

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీ గ్రామములకు ఇప్పుడు క్రొత్త అతిథులు వచ్చుచున్నారు. వారు ఇరువది ఏండ్ల ప్రాయపు వైద్యవిద్యార్థులు. 2022వ సంవత్సరమున జాతీయ వైద్య కమిషన్ ‘కుటుంబ దత్తత కార్యక్రమము’ను ఎం.బి.బి.యస్. పాఠ్యక్రమములో చేర్చినది. దీని ప్రకారము ప్రతి విద్యార్థియు మొదటి సంవత్సరముననే పల్లెలోని కొన్ని కుటుంబములను స్వీకరించి, తరువాతి సంవత్సరములందును వారి ఇండ్లకు వచ్చిపోవుచు, వారి ఆరోగ్యమును కనిపెట్టుచుండవలెను. ఆ విద్యార్థులకు పాఠములు చెప్పువారము మేము. వారికి మేము ఏమి నేర్పుచున్నామో, మీరు ఏమి నేర్పవలసియున్నదో మనవి చేయుటకే ఈ ప్రసంగము.

ఈ ఆలోచన నేటిది కాదు. స్వాతంత్ర్యమునకు పూర్వమే, 1946లో, భోర్ కమిటీ మన వైద్యుడు రోగముతోబాటు సమాజమును గూడ ఎరిగినవాడు కావలెనని చెప్పినది. అందుకై విద్యార్థులకు మూడు నెలల పాటు ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనని సూచించినది.

నాటికి నేటికి రోగముల తీరు మారినది. మశూచి పోయినది. చక్కెర వ్యాధి, రక్తపోటు వచ్చి నట్టింట కూర్చున్నవి. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతట జరిపించి 2023లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, పెద్దలలో నూటికి 11 మందికి పైగా చక్కెర వ్యాధియు, 35 మందికి రక్తపోటును కలవు. వీనికి కారణములు పెక్కు. అందులో ఒకటి దేహమునకు చాలినంత కదలిక లేకపోవుట. 2022లో మన దేశపు పెద్దలలో సుమారు సగము మందికి ఆ కదలిక చాలదనియు, పురుషులలో నూటికి 42 మంది, స్త్రీలలో 57 మంది అట్టివారనియు 2024లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా తెలుపుచున్నది.

ఎంత కదలిక చాలును? పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు, కొంచెము ఆయాసము కలుగు పాటి శ్రమ అవసరమని ఆ సంస్థయే 2020లో చెప్పినది. పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషములు కావలెను. ఇచట ఒక సంగతి గమనింపుడు. వ్యాయామశాలలో చేసినదే లెక్కకు వచ్చుననుకొనరాదు. పొలము పని, ఇంటి పని, నడిచి పోవుట, ఆట, అన్నియు లెక్కయే. 1953లో జెరెమీ మోరిస్ అను ఆంగ్ల వైద్యుడు లండను బస్సుల సిబ్బందిని పరిశీలించి, దినమంతయు కూర్చుండి బస్సు నడుపు డ్రైవర్ల కంటె, రెండంతస్తుల బస్సులో మెట్లు ఎక్కి దిగు కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువని కనుగొనెను. నిత్యకృత్యములోని శ్రమ విలువను లోకమునకు చాటిన పరిశీలన అది.

విద్యార్థి ఇదంతయు గ్రంథములలో చదివి మీ ఊరికి వచ్చును. చిక్కు ఇచటనే మొదలగును. నాట్ల దినములలో ఒక కూలి తల్లి తెల్లవారుజామున లేచి, వంట ముగించి, పొలమునకు నడిచిపోయి, సాయంకాలము వరకు నడుము వంచి నాట్లు వేసి ఇల్లు చేరును. విద్యార్థి ఆమె రక్తపోటు చూచి, “అమ్మా, దినమునకు అరగంట నడువవలెను” అనును. ఆమె మర్యాదకు “అట్లాగే బాబూ” అనును. “సలహా ఇచ్చితిని, అంగీకరించినది” అని ఇతడు పుస్తకమున వ్రాసికొనును. ఆమెకు కావలసినది విశ్రాంతి, నడుము నొప్పికి ఉపాయము, రక్తహీనత యున్నదేమో అను పరీక్ష. అవి ఏవియు జరుగలేదు. పైగా తన కష్టము ఈ చదువుకున్న బిడ్డకు కనబడలేదని ఆమె మనసు చిన్నబుచ్చుకొనును. మరుసారి మాత్రలు అయిపోయినను ఆమె అతనితో చెప్పదు. రక్తపోటు నొప్పి పెట్టు జబ్బు కాదు. మందు మానినను వెంటనే తెలియదు. తెలియు నాటికి కాలు చేయి పడిపోవచ్చును. ఆ “అట్లాగే బాబూ” వెనుక ఇంత ప్రమాదము దాగియున్నది.

అందరి సంగతియు ఒకటి కాదు. ఒకప్పుడు ఎడ్ల వెనుక నడిచిన రైతు నేడు మోటారు సైకిలుపై పొలమునకు పోయి, ట్రాక్టరుతో దున్నించుచున్నాడు. తాను ఇప్పటికిని కష్టజీవిననియే అతని నమ్మకము. కోడలు వీధిలో ఊరకే నడిచినచో నలుగురు ఏమనుకొందురో యని అత్తగారి సంకోచము. మోకాళ్ల నొప్పి గల వృద్ధుడు, నడిచినచో కీళ్లు అరిగిపోవునని భయపడును. చక్కెర వ్యాధి గలవాడు చెప్పులు లేక నడిచి, ముల్లు గ్రుచ్చుకొనినను తెలియక, పుండు పడి కాలికే ముప్పు తెచ్చుకొనవచ్చును. ఇందరికిని “నడువుము” అను ఒకే మాట చెప్పుట వైద్యము కాదు.

కావున మేము విద్యార్థులకు చెప్పు మొదటి నియమము: తొలి రాకడలో సలహా ఇయ్యరాదు. “నిన్న నిద్ర లేచినది మొదలు పడుకొను వరకు ఏమేమి చేసితిరి?” అని అడిగి, వారు చెప్పునది ఓపికతో వినవలెను. నాట్ల కాలము వేరు, పనులు లేని వేసవి వేరు. కనుక ఋతువు మారినపుడు మరల అడుగవలెను. రెండవ నియమము: వినినదానిని తిరిగి చెప్పి, “మేము గ్రహించినది సరియేనా?” అని అడుగవలెను. మూడవది: ఉపాయమును వారి నోటనే రప్పించవలెను. 1983లో విలియం మిల్లర్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, త్రాగుడుకు లోబడిన వారి చికిత్సను గూర్చి వ్రాయుచు, వాదించి ఒప్పించుట కంటె, మారవలెనను కోరికను వారి మాటలలోనే వెలికి తీయుట మేలని వివరించెను. ఆ పద్ధతి నేడు ఇతర వైద్య శాఖలలోనికి వ్యాపించినది.

తరగతిలో ఒక విద్యార్థిని రోగిగా, ఇంకొకనిని వైద్యునిగా నిలిపి అభ్యాసము చేయించుచున్నాము. మరియు, ప్రతి విద్యార్థియు రెండు వారములు దినమునకు అరగంట నడిచి, నడువని దినమున ఎందుకు నడువలేదో వ్రాయవలెనని చెప్పుచున్నాము. పరీక్షలు, వాన, నిద్ర, బద్ధకము అని వ్రాసి తెచ్చుచున్నారు. తనకే ఇన్ని అడ్డులున్నవని తెలిసినవాడు, ఇతరులను సోమరులని నిందింపడు.

ఇంతవరకు మా పని. ఇక మీ పని కలదు. గ్రామమున ఆరోగ్యము, పారిశుద్ధ్యము అనునవి, 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదకొండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలోనివి. కావున ఈ విద్యార్థులు మీ పనికిని సహాయులే.

మొదట, వారిని పెద్ద ఇండ్లకే తీసికొనిపోకుడు. అన్ని వాడలును చూపుడు. స్త్రీలు పురుషుల యెదుట చెప్పలేని మాటలు పెక్కు గలవు. ఆశా కార్యకర్తను తోడిచ్చి, వారితో వేరుగా మాట్లాడు వీలు కల్పింపుడు. “డాక్టరు బాబు ఏమనుకొనునో యని అట్లాగే అనవలదు. కుదరనిచో కుదరదనియే చెప్పుడు” అని ఊరివారికి మీరే తెలుపుడు. పెద్దల మాటగా మీరు చెప్పిన, వారు ధైర్యముగా నోరు విప్పుదురు.

తరువాత, విద్యార్థులు వినిన అడ్డులను గ్రామసభలో చెప్పింపుడు. చెరువుకట్ట దారిలో దీపము లేదని స్త్రీలు చెప్పిన, దానికి మందు వైద్యుని యొద్ద లేదు, మీ యొద్దనే యున్నది. వీధికుక్కల భయము, ముళ్ల కంపలు పెరిగిన బాట, ఆక్రమణకు లోనైన బడి ఆటస్థలము, ఇవియు అట్టివే. నలుగురు స్త్రీలు కలిసి నడుచు ఆచారము ఒక వీధిలో మొదలైనచో, అత్తగారి సంకోచము తనంత తానే తగ్గును.

ఒక్క హెచ్చరిక. నడచునపుడు ఛాతీలో నొప్పియో, పట్టివేసినట్లో ఉన్నచో వెంటనే ఆగి వైద్యుని చూడవలెను. చక్కెర వ్యాధికి ఇన్సులిను గాని మాత్రలు గాని వాడువారు పరగడుపున కాయకష్టమునకు పోరాదు. జేబులో కొంచెము బెల్లమో, చక్కెరయో ఉంచుకొనుట మంచిది.

ఈ పిల్లలు నాలుగైదేండ్లలో వైద్యులగుదురు. వారి చేతిమీదుగా వేలకొలది జనులు పోవుదురు. రోగి మాట వినుట వారికి మీ ఊరి అరుగులమీద అలవడినచో, ఆ మేలు మీ ఊరితో ఆగదు. కావున వారు వచ్చినపుడు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి పంపుటతో మర్యాద ముగిసినదనుకొనకుడు. వారికి నిజము చెప్పుడు. అంతకు మించిన ఆతిథ్యము వారికి అక్కరలేదు.