నడుము నొప్పి ఉన్నవాళ్ళని కూర్చోబెట్టకండి

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నడుము నొప్పి గురించి మాట్లాడమంటే ముందు వద్దన్నాను. నేను డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టునీ కాను. చదివింది ఎంబీఏ, చూసేది లోన్ల ఫైళ్ళు. "మీకున్నంత అనుభవం ఇంకెవరికుంది మేడమ్" అన్నారు. అది మాత్రం నిజం. ఏడేళ్ళుగా ఈ నొప్పితో కాపురం చేస్తున్నాను.

మొదలైంది ఒక మార్చి నెలాఖరున. క్లోజింగ్ పనిలో రాత్రి పదింటి దాకా కుర్చీ వదల్లేదు. మర్నాడు స్ట్రాంగ్ రూంలో కింది అరలోంచి బంగారం లోన్ల ట్రే తీద్దామని వంగాను. అంతే, లేవలేకపోయాను. ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు. ఇలాంటి నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. నాకు తగ్గలేదు. మూడు నెలలు దాటినా ఉంటే దీర్ఘకాలిక నొప్పి అంటారు.

ఎమ్మారై తీయించాం. రిపోర్టులో డిస్క్ బల్జ్, డీజనరేషన్ అని ఉంది. మా వారు రెండుసార్లు చదివి మాట్లాడకుండా మడిచి పెట్టారు. చూసినవారొకరు "ఇక జన్మలో వంగకండి, బరువులెత్తకండి" అన్నారు. ఆ మాటని నేను హెడ్డాఫీసు సర్క్యులర్‌లా పాటించాను. ఇంట్లోవాళ్ళు నాకంటే ఎక్కువ పాటించారు. అత్తయ్యగారు ముగ్గు గిన్నె నా చేతిలోంచి తీసేసుకున్నారు. కూరల సంచి మా వారు మోశారు. అప్పటికి ఆరేళ్ళున్న మా పాప కింద పెన్సిలు పడినా "అమ్మా, నువ్వు కూర్చో, నేను తీస్తా" అని పరిగెత్తుకొచ్చేది.

ఇదంతా ప్రేమే. కానీ రెండేళ్ళు తిరిగేసరికి నొప్పి అలాగే ఉంది, నేను మాత్రం మేడ మెట్లెక్కితే ఆయాసపడే స్థితికి వచ్చాను. బెల్టు లేకుండా గడప దాటేదాన్ని కాదు. ఎక్కడో దూరాన పోస్టింగు పడితే రోజూ బస్సు కుదుపులు ఎలా తట్టుకుంటానని ప్రమోషన్ వదులుకున్నాను. నాతో చేరినవాళ్ళు స్కేలు త్రీ అయ్యారు. నిజం చెప్పాలంటే నడుము కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

తర్వాత ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసు అమ్మాయి. నొప్పి ఎక్కడుందని అడిగే ముందు "మీరు ఏమేం చేయడం మానేశారో రాసుకుని రండి" అంది. రాస్తే ఇరవై రెండు వచ్చాయి. ముగ్గు, పిండి డబ్బా దించడం, గుళ్ళో ప్రదక్షిణ, పాపని ఎత్తుకోవడం... ఆ చివరిది ఇప్పుడు కుదరదు లెండి, పదమూడేళ్ళొచ్చాయి.

స్కానింగు గురించి ఆ అమ్మాయి చెప్పింది విన్నాక నాకు సగం భయం పోయింది. 2015లో వచ్చిన ఒక సమీక్షలో, ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగుల వివరాలు పరిశీలించారు. నలభై ఏళ్ళ వయసు వాళ్ళలో 68 శాతం మందికి డిస్కు అరుగుదల, 50 శాతం మందికి బల్జ్ ఉన్నట్టు తేలింది. వాళ్ళెవరికీ నొప్పి లేదు! చాలామందిలో అది జుట్టు నెరిసినట్టే. రిపోర్టులో ఆ మాట కనిపించగానే నడుము విరిగిపోయిందని అర్థం కాదు.

విశ్రాంతి సంగతీ అంతే. 1995లో ఫిన్లాండులో హెల్సింకీ నగర ఉద్యోగుల మీద ఒక పరిశోధన జరిగింది. కొత్తగా నడుము పట్టేసినవాళ్ళలో కొందరికి రెండు రోజులు మంచం, కొందరికి నడుము వ్యాయామాలు చెప్పారు. మిగతావాళ్ళని ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకోమన్నారు. అందరికంటే బాగా కోలుకున్నది మామూలు పనులు చేసుకున్నవాళ్ళు. మనలాగే ఆఫీసులున్నవాళ్ళే. ఇక దీర్ఘకాలిక నొప్పికి 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం ఉంది. నడుము బెల్టులు మామూలుగా అందరికీ వాడే చికిత్సగా వద్దన్నారు. నా బెల్టు ఇప్పుడు అటక మీదుంది.

ఏ వ్యాయామం మంచిదని అందరూ అడుగుతారు. నడక, ఈత, యోగా, కండరాలు బలపడే వ్యాయామాలు... అందరికీ ఇదొక్కటే అని చెప్పగలిగింది ఏదీ లేదు. మీరు వచ్చే ఏడాది కూడా చేయగలిగిందే మీకు మంచిది. నేను నడక ఎంచుకున్నాను, ఖర్చు లేదు కాబట్టి.

మొదట్లో పది నిమిషాలు నడిస్తే నొప్పి పెరిగేది. అందుకని ఎనిమిదితో మొదలుపెట్టించింది. ఇక్కడే నాకు చాలా కష్టమైంది. ఎంత నడవాలో గడియారం చెప్పాలి, నొప్పి కాదు. బాగున్న రోజు కూడా ఎనిమిదే. బాగోలేని రోజు మానకూడదు, కొంచెం తగ్గించుకోవాలి. నేను వింటానా? ఒక రెండో శనివారం హుషారుగా ఉందని అటకలన్నీ దులిపాను. తర్వాత నాలుగు రోజులు మంచం మీద! ఓవర్‌డ్రాఫ్టు తీసుకుంటే వడ్డీ కట్టాలని మనకంటే ఎవరికి తెలుసు? నడుస్తున్నప్పుడు నొప్పి కొంచెం పెరిగినా కంగారు పడక్కర్లేదు. మర్నాటి ఉదయానికి మామూలు స్థాయికి వస్తే అదే సమయం కొనసాగించవచ్చు. రాకపోతే తర్వాతిసారి తగ్గించుకోవాలి. నాలుగైదు రోజులకో నిమిషం పెంచుకుంటూ వెళితే, ముప్పై నిమిషాలు చేరడానికి నాకు దాదాపు నాలుగు నెలలు పట్టింది.

ఆఫీసులో కూడా అరగంటకోసారి లేస్తాను. ఫోను నిలబడి మాట్లాడతాను. మా బ్రాంచిలో అందరికీ అలవాటైపోయింది, ఎవరూ చూడరు.

ఒక్క హెచ్చరిక. మలమూత్రాలు పట్టు తప్పినా, కాళ్ళ మధ్య తిమ్మిరి ఉన్నా, కాలు బలహీనపడుతున్నా నడక గిడక కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కింద పడ్డాక మొదలైన నొప్పి, ఇంతకుముందు క్యాన్సరు ఉండటం... ఇలాంటివి ఉన్నా ముందు డాక్టరుకే చూపించుకోవాలి.

ఇక కుటుంబాలవాళ్ళకి, ముఖ్యంగా అందుకే వచ్చాను. పని తీసేసుకోవడం తేలిక, తిరిగి ఇవ్వడమే కష్టం. మా అత్తయ్యగారు ముగ్గు గిన్నె ఇవ్వడానికి రెండు నెలలు ఒప్పుకోలేదు. "మళ్ళీ పడిపోతే నా కొడుకు నన్నంటాడు" అన్నారు. ఆవిడ భయం ఆవిడది. చివరికి మూడు చుక్కల ముగ్గుతో మొదలుపెట్టించారు, పక్కనే నిలబడి. మా వారు కూర్చోమనడం మానేసి చెప్పులు వేసుకుని "పద, పార్కు దాకా వెళ్ళొద్దాం" అనడం నేర్చుకున్నారు. ఆయనకీ షుగర్ ఉంది, ఇద్దరికీ కలిసొచ్చింది.

పోయిన ధనుర్మాసంలో ఇరవై రెండు రోజులు ముగ్గు నేనే వేశాను. నొప్పి రాలేదా? వచ్చింది, రెండుసార్లు. ఆ రోజుల్లో అత్తయ్యగారు వేశారు, నేను రంగులందించాను. నొప్పి పూర్తిగా పోలేదు. మునుపటిలో సగం ఉంటుందేమో. కొన్ని రోజులు అసలు గుర్తుకే రాదు.

ఈ ఏడాది ప్రమోషనుకి అప్లై చేశాను. ఇంటర్వ్యూ అయింది, ఫలితాలు రావాలి. పోస్టింగు ఎక్కడ పడుతుందోనని మా పాప మ్యాపు చూస్తోంది.

అరగంట దాటింది, అందరూ కూర్చునే ఉన్నారు. టీ ఇక్కడికి తెప్పిద్దామంటే నేనే వద్దన్నాను. వరండా చివర పెట్టించాం, లేవండి.