సీటు దొరికితే సగం పనైనా కాలేదు
(ఏప్రిల్ 14న మండల కేంద్రంలోని అంబేద్కర్ భవనంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వవిద్యాలయాల్లో మన పిల్లలకు జరుగుతున్న అన్యాయం గురించి మాట్లాడమన్నారు నన్ను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది పొద్దున మిరపకాయ కోతకు పోయి వచ్చినవాళ్లే. యూనివర్సిటీతో మాకేం పని పంతులూ అని మీరు అడగొచ్చు. ఈ పల్లె నుంచి ముగ్గురు పిల్లలు పీజీ చదువుతున్నారు. ఒకమ్మాయి పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది. వాళ్లను పంపింది మీరు. కూలి డబ్బులతో, డ్వాక్రా అప్పుతో పంపారు. పంపినాక అక్కడేం జరుగుతోందో తెలుసుకోవద్దా?

సీటు వచ్చిందంటే పిల్లోడు గట్టెక్కినట్టే అని మనవాళ్ల నమ్మకం. రిజర్వేషన్ మనల్ని గేటు దాకా తీసుకుపోతుంది. అది చిన్న సంగతి కాదు, బాబాసాహెబ్ కొట్లాడి తెచ్చిన హక్కు. కానీ గేటు లోపల ఎవరి దగ్గర చదవాలి, ఎన్ని మార్కులు రావాలి, డబ్బు ఎప్పుడు చేతికందాలి, ఇదంతా మనుషుల చేతుల్లో ఉంటుంది. ఆ మనుషులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మన ఊరి మోతుబరి గారి అబ్బాయే అక్కడ ప్రొఫెసరు. ఊళ్లో నేర్చుకున్నది మరిచిపోయి పోలేదు, మూటగట్టుకునే పోయాడు.

ఊళ్లో కులం కంటికి కనపడుతుంది. 1985లో కారంచేడులో గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. 1991లో చుండూరులో సినిమా హాల్లో చదువుకున్న మాలపిల్లోడి కాలు తగిలిందని మొదలైంది. కర్ర పట్టుకున్నవాడు ఎవడో, దెబ్బతిన్నవాడు ఎవడో అందరికీ తెలుసు. యూనివర్సిటీలో ఎవడూ కర్ర పట్టుకోడు. "రేపు రా" అంటాడు. రేపు పోతే "మీటింగులో ఉన్నా" అంటాడు. ఏడాది గడిచినాక "నీకు చదువు అబ్బలేదు" అంటాడు. అన్నీ నోటిమాటలే. కాగితం మీద ఒక్క ముక్క ఉండదు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ కాగితం లేకపోవడం గురించే.

పీహెచ్‌డీ అంటే ఒక విషయం మీద నాలుగైదేళ్లు పరిశోధన. దానికి గైడు ఉండాలి. గైడంటే వ్యవసాయంలో నీళ్ల లాంటివాడు. పొలం నీదే, విత్తనం నీదే, కష్టం నీదే. కాలువకు అడ్డం వేసి కూర్చున్నవాడు తూము తియ్యకపోతే పంట లేదు. ఏ పిల్లోడికి ఏ గైడు అన్నది ఎవరు నిర్ణయిస్తారు, ఎప్పటిలోపు, ఏ పద్ధతిన? ఈ ప్రశ్నకు జవాబు లేకే ప్రాణాలు పోయాయి.

2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్లో సెంథిల్ కుమార్ అనే పిల్లోడు చనిపోయాడు. తమిళనాడు సేలం వైపువాడు, పందులు మేపుకునే కులంలో పుట్టి భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ దాకా వచ్చాడు. దానిమీద విశ్వవిద్యాలయమే వేసిన కమిటీ, ప్రొఫెసర్ వినోద్ పావరాల కమిటీ, లోపలికి పోయి చూస్తే ఏం తేలింది? ఆ విభాగంలో గైడుల్ని కేటాయించడానికి అందరికీ ఒకే తీరున ఉండే స్పష్టమైన పద్ధతి లేదని. అయ్యా, మన రేషను షాపులో కూడా ఎవరికెన్ని కేజీలో బోర్డు ఉంటుంది. భౌతికశాస్త్రం చెప్పే చోట బోర్డు లేకుండా పోయింది!

2013లో విద్యార్థుల చావులు మళ్లీ పత్రికల కెక్కాయి. ఆచార్యులు కొందరు ఉత్తరం రాస్తే దాన్నే పిటిషనుగా తీసుకుని అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు యూనివర్సిటీలకు ఆదేశాలిచ్చింది. అదే ఏడాది నవంబరులో అదే హైదరాబాద్ యూనివర్సిటీలో మాదారి వెంకటేశ్ అనే పరిశోధక విద్యార్థి పోయాడు. చాలాకాలం అతనికి గైడు ఖరారు కాలేదని తోటి విద్యార్థులు నెత్తీనోరూ బాదుకున్నారు. ఆదేశం కోర్టులో ఉంది, తాళంచెవి డిపార్టుమెంటులో ఉంది. ఏకలవ్యుడికి ద్రోణుడు బొటనవేలు అడిగాడు. ఈ కాలపు ద్రోణులకు వేలు అక్కర్లేదు, సంతకం పెట్టకపోతే చాలు.

ఇక డబ్బు సంగతి. పరిశోధన చేసే పిల్లలకు ప్రభుత్వం ఫెలోషిప్ ఇస్తుంది. భాగ్యవంతుడి కొడుక్కి అది సెల్‌ఫోన్ ఖర్చు. మనవాడికి అదే అన్నం, అదే ఇంటికి పంపే డబ్బు, అదే చెల్లెలి ఫీజు. దాన్ని ఆపితే చదువు ఆగుతుంది. ఈ రోజు ఎవరి జయంతి చేసుకుంటున్నామో ఆయనకే జరిగింది చూడండి. బరోడా మహారాజు ఇచ్చిన వేతనంతో బాబాసాహెబ్ 1913లో అమెరికా పోయారు, అక్కడి నుంచి లండన్ పోయారు. 1917లో ఆ వేతనం గడువు ముగిసింది. లండన్ చదువు నడిమధ్యలో వదిలేసి ఓడెక్కాల్సి వచ్చింది. బరోడాలో ఉద్యోగానికి చేరితే అంటరానివాడికి అద్దెకు ఇల్లు దొరకలేదు. బొంబాయిలో పాఠాలు చెప్పి కొంత కూడబెట్టుకుని, కొల్హాపూరు మహారాజు సాయం తీసుకుని, స్నేహితుడి దగ్గర అప్పుచేసి 1920లో మళ్లీ పోయారు. అంతటివాడికే మూడేళ్లు పోయాయి. మన పిల్లలకు ఏ మహారాజు ఉన్నాడు?

రోహిత్ వేముల సంగతి మీకు తెలుసు. గుంటూరు పిల్లోడు. తల్లి రాధికమ్మ కుట్టుమిషను తొక్కి పెంచింది. అంబేద్కర్ విద్యార్థి సంఘంలో పనిచేశాడు. 2015లో అతణ్ణి, ఇంకో నలుగుర్ని కలిపి అయిదుగుర్ని శిక్షించారు. ఆ శిక్ష ఏమిటో జాగ్రత్తగా వినండి. చదువుకోవచ్చు, కానీ హాస్టల్లో ఉండకూడదు. పాలనాభవనంలోకి రాకూడదు. నలుగురు చేరే చోట్లకు గుంపుగా పోకూడదు. విద్యార్థి ఎన్నికల్లో నిలబడకూడదు. ఏమమ్మా, ఇది మీరెక్కడైనా విన్నట్టుందా? మన తాతలకు ఊరి పెద్దలు రచ్చబండ దగ్గర వేసిన శిక్ష కాదూ ఇది? అందుకే ఆ పిల్లలు చలిలో ఆరుబయట గుడారం వేసుకుని, దానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ పోయాడు. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బై అయిదు వేల రూపాయలు తనకు రావాలని, అది ఇంటివాళ్లకు అందేలా చూడమని రాసిపెట్టి పోయాడు. చావుముందు కూడా లెక్క రాసిపెట్టుకోవలసిన బతుకు మనది. 2024లో పోలీసులు కేసు మూసేస్తూ ఆ పిల్లోడు అసలు దళితుడే కాదన్నారు. జనం తిరగబడితే మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. చచ్చినాక కూడా మనల్ని కులం సర్టిఫికెట్టే అడుగుతారు.

మూడోది వైవా. అంటే నోటి పరీక్ష. రాతపరీక్షలో కాగితం మీద నంబరే ఉంటుంది, పేరుండదు. వైవాలో నువ్వే ఎదురుగా కూర్చుంటావు. నీ ఇంటిపేరు, నీ రంగు, నీ యాస అన్నీ కనబడతాయి. నేను పీజీ చదివిన చోట, ఆ చోటి పేరు ఇక్కడ అనవసరం, వైవాకు లోపలికి పోతే మొదటి ప్రశ్న "మీ నాన్న ఏం చేస్తాడు?" అని. "చెప్పులు కుడతాడు సార్" అన్నాను. ఇంకో రెండు ముక్కలడిగి పొమ్మన్నారు. నాకంటే ముందు పోయినాయన ఇరవై నిమిషాలు కూర్చుని వచ్చాడు. నేను బయటికొచ్చేసరికి ఆయన ఇంకా చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు. తెలుగు సాహిత్యం గురించి నాకెంత తెలుసో వాళ్లు తెలుసుకోలేదు, మా నాయన వృత్తి మాత్రం తెలుసుకున్నారు.

ఇది నా ఒక్కడి గోడు అనుకునేరు. ఢిల్లీలో ఎయిమ్స్ అని పేరుమోసిన వైద్య కళాశాల ఉంది. అక్కడి దళిత, ఆదివాసీ విద్యార్థుల సంగతి చూడమని ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ గారి కమిటీని వేస్తే 2007లో నివేదిక ఇచ్చింది. తాము అడిగిన దళిత, ఆదివాసీ విద్యార్థుల్లో నూటికి 84 మంది ప్రాక్టికల్స్‌లో, వైవాలో మార్కులు న్యాయంగా వెయ్యడం లేదన్నారు. నూటికి 69 మంది అధ్యాపకుల సాయం సరిగా అందడం లేదన్నారు. హాస్టల్లో వేధింపులు పడలేక మనవాళ్లు ఒకేచోటికి చేరుకోవాల్సి వచ్చిందని కూడా అందులో ఉంది. డాక్టర్లయ్యే చోట కూడా పల్లె విడిగానే వెలిసింది.

జేఎన్‌యూలోనూ ఇంతే. రాతలో బాగా వచ్చినవాళ్లకు వైవాలో తగ్గుతున్నాయని విద్యార్థులు ఏళ్ల తరబడి లెక్కలు తీసి చూపించారు. ప్రొఫెసర్ అబ్దుల్ నఫే కమిటీ 2016లో ఆ తేడా నిజమేనంది, వైవా మార్కుల్ని 30 నుంచి 15కు తగ్గించమంది. అదే ఏడు యూజీసీ ఏం చేసింది? పరిశోధన ప్రవేశాల్లో రాతపరీక్ష పాసైతే చాలు, ఎంపిక మాత్రం ఇంటర్వ్యూ మీదే అని నిబంధన తెచ్చింది. తగ్గించమంటే పూర్తిగా నోటికే అప్పగించారు. గొడవలైనాక 2018లో రాతకు 70, ఇంటర్వ్యూకు 30 అని మార్చారు. కొట్లాడితే వచ్చిన మార్పు ఇది, ఎవరో దయతలిచి ఇచ్చింది కాదు.

మీ పిల్లలకు ఇంగ్లీషు రాదు, అందుకే వెనకబడతారు అనేవాళ్లున్నారు. ఇంగ్లీషు కష్టం నిజమే. తెలుగు మీడియంలో, ఇద్దరు పంతుళ్ల బడిలో చదివి పోయినవాడికి మొదటి ఏడాది నరకం. నేను బడిపంతుల్నే, నాకు తెలుసు. కానీ ఎయిమ్స్ పిల్లలు దేశమంతా రాసే ప్రవేశపరీక్ష గట్టెక్కి పోయినవాళ్లు. సెంథిల్ భౌతికశాస్త్రంలో పీజీ పూర్తిచేసి పోయినవాడు. వాళ్లకు భాష నేర్పాల్సింది ఎవరు? జీతం తీసుకునే ఆ ప్రొఫెసరే. నేర్పనివాడే రాదని వెక్కిరిస్తే దాన్ని ప్రతిభ అనరు, అగ్రకుల దురహంకారం అంటారు.

ఇక మనం చేయాల్సిన పని. పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు "బాగా చదువుతున్నావా" అని అడిగి వదిలెయ్యకండి. గైడు ఎవరు, ఏ తేదీన ఇచ్చారు, ఆ ఆర్డరు కాగితం ఏది అని అడగండి. ఫెలోషిప్ చివరిసారి ఏ నెలది పడిందో అడగండి. పిల్లలు మీ దగ్గర దాస్తారు. అమ్మా నాయనా బాధపడతారని దాస్తారు. ఆ దాచడమే వాళ్లను లోపల తినేస్తుంది. పోయినవాళ్లను నేను తప్పుపట్టను. ఉన్నవాళ్లు ఒంటరిగా ఉండకూడదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు చెప్తున్నా. "రేపు రా" అంటే ఆ రోజే రెండు వరసల్లో రాసివ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వెయ్యనంటే స్పీడ్ పోస్టులో పంపండి. మార్కుల మీద అనుమానముంటే మీ జవాబు పత్రం మీరే చూడొచ్చు. సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఆ హక్కుందని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సెంట్రల్ యూనివర్సిటీకైతే పది రూపాయల పోస్టల్ ఆర్డరు. దారిద్ర్యరేఖకు దిగువవాళ్లకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఫీజు బాకీ అని కాలేజీవాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుంటే, అలా పట్టుకోకూడదని 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషను చూపించండి. మన మండలంలోనే ఇంజనీరింగు పాసై సర్టిఫికెట్టు చేతికి రాక ఉపాధి పనికి పోతున్నవాళ్లున్నారు.

తల్లులకు ఒక మాట. ముంబైలో 2019 మేలో డాక్టర్ పాయల్ తడ్వీ అనే ఆదివాసీ పిల్ల పీజీ చదువుతూ వేధింపులకు బలైంది. ఆమె తల్లి ఆబేదా తడ్వీ, మన రాధికమ్మ ఇద్దరూ కలిసి ఆ ఏడే సుప్రీంకోర్టుకు పోయారు. విశ్వవిద్యాలయాల్లో కులవివక్ష ఆపడానికి 2012లోనే యూజీసీ నిబంధనలు తెచ్చింది, వాటిని ఎవరూ అమలు చెయ్యడం లేదు, చేయించండి అని అడిగారు. ఒకరిది మరాఠా దేశం, ఒకరిది గుంటూరు. ఒకరి భాష ఒకరిది కాదు. బిడ్డలు పోయినాక కలిశారు. మనం బిడ్డలు ఉండగానే కలుద్దాం.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఇదే భవనంలో కూర్చుంటాం. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పిల్లలున్న ఇళ్లవాళ్లు ఉన్న కాగితాలన్నీ తీసుకురండి, చదవడం రాకపోయినా తీసుకురండి. ఎవరి దరఖాస్తు ఎక్కడ ఆగిందో ఒక పుస్తకంలో రాసుకుందాం. పోస్టల్ ఆర్డర్లు నేను తెస్తాను. రేషను కార్డు జిరాక్సు మాత్రం మీరే తెచ్చుకోండి.

జై భీమ్.