వాయిదా తప్పిన ముద్దాయి - పూచీ పడిన రైతు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



జామీనుపై విడుదలైన మనిషి వాయిదాకు రాకపోయినచో ఏమగును? పోలీసుల అదుపు నుండి పారిపోయినవానిపై కేసు ఎట్లు నడచును? ఇవి వకీళ్ళకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలని పలువురు తలంతురు. కాని జామీను పత్రముపై సంతకము చేయువాడు మన గ్రామములోని రైతే. పరారియైనవానిని గురించిన ప్రకటన చదువబడునది మన గ్రామములోనే. కావున ఈ విషయము మీరు తప్పక తెలిసికొనదగినది.

1860 నాటి శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1వ తేదీ నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అందు ఈ రెండు నేరములును వేరువేరుగా చెప్పబడినవి. చట్టప్రకారము జరుగు అరెస్టును ప్రతిఘటించుట, లేదా నేరారోపణపై ఉంచిన నిర్బంధము నుండి తప్పించుకొనుట 262వ సెక్షను క్రింద నేరము. దీనికి రెండు సంవత్సరముల వరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. జామీనుపైనున్నవాడు తగిన కారణము లేక కోర్టుకు హాజరు కాకుండుట 269వ సెక్షను క్రింద నేరము. దీనికి ఒక సంవత్సరము వరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును కలవు. ఈ శిక్షలు అసలు కేసులోని శిక్షకు అదనము.

ఇక నిరూపణ మాట. పారిపోయిన కేసులో నిర్బంధము చట్టబద్ధమైనదని రుజువు చేయవలసిన భారము ప్రాసిక్యూషనుపై నుండును. వాయిదా తప్పిన కేసులోనో, తగిన కారణము కలదని చూపవలసిన భారము ముద్దాయిదే. ఆసుపత్రి చీటీ, ఇంటిలో మరణము సంభవించినచో దాని ధ్రువపత్రము, ఇట్టివి భద్రపరచుకొనుట అందులకే అవసరము.

ఉదాహరణకు, ఒక వ్యవసాయ కూలీ చిన్న తగాదా కేసులో జామీను పొందినాడనుకొందము. వానలు లేక, పనులు దొరకక, హైదరాబాదుకు వలసపోయి వాయిదా మరచినాడు. అంతమాత్రమున వెంటనే శిక్ష పడదు. ఆనాడు వకీలు తగిన కారణము చూపి దరఖాస్తు పెట్టినచో మేజిస్ట్రేటు మరియొక వాయిదా ఇయ్యవచ్చును. లేనిచో వారంటు వెలువడును. అట్టి స్థితిలోను అతడు స్వయముగా కోర్టుకు వచ్చి, కారణము చెప్పి, వారంటు రద్దుకై ప్రార్థింపవచ్చును. పెక్కు కేసులు ఈ మెట్టుననే చక్కబడుచున్నవి. నాన్‌బెయిలబుల్ వారంటును విచక్షణతో జారీ చేయవలెనని సుప్రీంకోర్టు 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో చెప్పియున్నది.

కాని వారంటు మాట విని ఆ కూలీ దాగినచో చిన్న తప్పు పెద్దదగును. కోర్టు ప్రకటన జారీ చేసి, కనీసము ముప్పది దినముల గడువిచ్చి, ఫలానా నాటికి హాజరు కమ్మని ఆజ్ఞాపించును. ఆ ప్రకటనను అతని గ్రామములో నలుగురు చూచుచోట బహిరంగముగా చదివెదరు, ఇంటికి అంటించెదరు. ఆస్తిని జప్తు చేయుటకును అధికారము కలదు. ప్రకటనకును లొంగనివానికి 209వ సెక్షను క్రింద మూడు సంవత్సరముల వరకు ఖైదు పడవచ్చును. తీవ్రమైన నేరములలో ప్రకటిత నేరస్థుడుగా నిర్ణయింపబడినచో ఏడు సంవత్సరముల వరకు ఖైదు, దానితో జరిమానా.

ఇప్పుడు పూచీ పడిన రైతు సంగతి. తోటివాడు కదా యని మొగమాటముతో సంతకము చేసినను, ఆ పత్రములో వ్రాసిన సొమ్మునకు అతడు బాధ్యుడు. ముద్దాయి రాకపోయినచో పత్రము జప్తు అయినదని కోర్టు నమోదు చేసి, సొమ్ము చెల్లింపుము, లేదా ఎందుకు చెల్లింపనక్కరలేదో చెప్పుమని నోటీసు ఇచ్చును. చెల్లింపనిచో జరిమానావలెనే వసూలు చేయుదురు. వసూలు కాకపోయినచో జామీనుదారునికి ఆరు మాసముల వరకు సివిలు జైలు తప్పకపోవచ్చును. అయితే కోర్టు కారణములు వ్రాసి, సొమ్ములో కొంత భాగమును తగ్గింపవచ్చును. కావున నోటీసు అందిన దినముననే వకీలును కలిసికొనవలెను. నోటీసును చించివేసినవానికి ఆ దారియు మూసికొనిపోవును.

మరియొక దారి కలదు. అది పలువురికి తెలియదు. ముద్దాయి నడత అనుమానముగా నున్నచో, జామీనుదారు ఎప్పుడైనను మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టి తన పూచీని విడిపించుకొనవచ్చును. అప్పుడు మేజిస్ట్రేటు ముద్దాయిని రప్పించి పూచీని రద్దుచేసి, వేరు జామీనుదారును తెమ్మనును. ముద్దాయి పరారియైన పిదపకంటె ముందే ఈ పని చేయుట మేలు.

ఇక మీ విధి. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు కాలమున పరారీలను గూర్చి తెలుపవలసిన బాధ్యత గ్రామ మునసబు మొదలగువారిపై నుండెడిది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పదవి 1984లో రద్దైనది. బాధ్యత మాత్రము పోలేదు. నేటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 34వ సెక్షను పంచాయతీ సభ్యుని పేర్కొని చెప్పుచున్నది. జైలు నుండి తప్పించుకొన్న ఖైదీ గాని, ప్రకటిత నేరస్థుడు గాని గ్రామమునకు వచ్చుచున్నట్లు తెలిసినచో, మీరును గ్రామస్థులును వెంటనే సమీప మేజిస్ట్రేటుకు గాని ఠాణాకు గాని తెలియజేయవలెను. అట్టివానిని దాచుట నేరము. భార్యాభర్తలు ఒకరినొకరు దాచుకొన్నచో మాత్రమే చట్టము మినహాయించినది. పదిమంది గుమిగూడి పోలీసుల చేతినుండి మనిషిని విడిపించుటయు 263వ సెక్షను క్రింద శిక్షార్హమే. అట్లని పరారియైనవానిని కట్టివేసి కొట్టుటకు ఎవరికిని హక్కు లేదు.

వకీలును పెట్టుకొనలేని పేదకు 1987 నాటి న్యాయ సేవల అధికార చట్టము క్రింద ఉచిత సహాయము కలదు. స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, నిర్బంధములో నున్నవారు దీనికి అర్హులు. మండల న్యాయ సేవల సంఘమునకు దరఖాస్తు పెట్టించుట మీరు చేయగల సాయము.

కావున మీ గ్రామములో ఎవడైన వాయిదా తప్పి దాగియున్నాడని విన్నచో, ముందుగా అతని ఇంటివారికి నచ్చజెప్పుడు: రేపు కాదు, నేడే వకీలుతో కోర్టుకు పొమ్మనుడు. తానుగా వచ్చినవాని మాటను కోర్టు వినును. పట్టి తెచ్చినవాని మాటకు ఆ విలువ ఉండదు. ఆ ఒక్క పయనము అతని స్వేచ్ఛను, పూచీ పడిన రైతు పొలమును కాపాడగలదు.