యాకోబు జీతంలో కోతలు

(సింగానల్లూరు యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల ఆరాధన అయ్యాక ఒక తమ్ముడు మా దగ్గరకు వచ్చాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి మిల్లులో కాంట్రాక్టు కింద పనిచేస్తున్నాడు. "అయ్యగారూ, నా జీతం 13,000. ఇంటికి 2,000 పంపడమే కష్టంగా ఉంది. దుబారా చేస్తున్నానేమో, నాకోసం ప్రార్థన చేయండి" అన్నాడు. ప్రార్థన చేశాం. తర్వాత కాగితం, పెన్ను తీసుకుని అతని పక్కన కూర్చుని లెక్క వేశాం.

రోజుకు 500 చొప్పున 26 రోజులకు 13,000. అందులో పీఎఫ్ 12 శాతం, అంటే 1,560. ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 98. ఈ రెండూ పోగా అతని బ్యాంకు ఖాతాలో 11,342 పడుతోంది. ఇంతవరకు కాగితం మీద అంతా శుభ్రంగా ఉంది. మరునాడు మేస్త్రీ రూముకు వస్తాడు. రూముకు 2,000, మెస్సుకు 3,000, వచ్చేటప్పుడు ఇచ్చిన అడ్వాన్సులోకి 1,000. అంతా నగదు. రసీదు ఉండదు. చివరకు మిగిలేది 5,342. అందులోనే సబ్బు, ఫోన్ రీచార్జి, మందులు, ఊరికి వెళ్ళే రైలు ఛార్జీ. ఆ తమ్ముడి దుబారా మాకు ఎక్కడా కనబడలేదు.

ఆ రూము చూద్దామని వెళ్ళాం. ఒకే గదిలో 12 మంది. రెండు షిఫ్టుల వాళ్ళు ఒకే చాప మీద వంతులవారీగా పడుకుంటారు. ఇంటి ఓనరమ్మను అడిగితే నెల అద్దె 12,000 అని చెప్పింది. తలకు 2,000 చొప్పున 12 మంది దగ్గర మేస్త్రీ వసూలు చేసేది 24,000. ఇల్లు ఇప్పించిన పుణ్యానికి నెలకు 12,000 మిగులు! కూలి మనిషిని తెచ్చినందుకు మిల్లు ఇచ్చే కమిషన్ దీనికి వేరే. అంటే అతనికి పని మీదా లాభమే, నిద్ర మీదా లాభమే.

కాంట్రాక్టర్లందరూ దొంగలని మేము అనడం లేదు. కొత్త ఊరికి వచ్చిన కుర్రాడికి, తమిళం రాని అమ్మాయికి తల దాచుకునే చోటు చూపించడం మేలే. దాని ఖరీదు ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎక్కడ రాస్తున్నారు అన్నదే మా ప్రశ్న.

చట్టం దీని గురించి ఏనాడో మాట్లాడింది. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ప్రకారం వసతి ఖర్చును జీతంలో కోయవచ్చు. కానీ ఆ వసతికి కార్మికుడు ఒప్పుకుని ఉండాలి. కోత ఆ వసతి విలువను మించకూడదు. అన్ని కోతలూ కలిపి మామూలుగా జీతంలో సగం దాటకూడదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఈ నియమాలు ఉన్నాయి. మన తమ్ముడి కోతలన్నీ కలిపితే 7,658. 13,000లో సగం 6,500. హద్దు దాటిపోయింది. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు కాబట్టే నగదు. జీతం చీటీలో రెండే కోతలు, మిగతాదంతా తలుపు వెనక.

భవన నిర్మాణ కూలీల విషయంలో చట్టం ఇంకా స్పష్టం. వాళ్ళకు తాత్కాలిక వసతి ఉచితంగా ఇవ్వాలని 1996 చట్టమే చెప్పింది. 2014 జూన్‌లో చెన్నై మౌలివాక్కంలో కట్టడం కూలి 61 మంది చనిపోయినప్పుడు వారిలో శ్రీకాకుళం, విజయనగరం బిడ్డలు ఎందరో ఉన్నారు. మన వాళ్ళు ఇంత దూరం వచ్చి ఎలా బతుకుతున్నారో ఆ రోజు వరకు చాలామందికి పట్టలేదు. మాకూ పట్టలేదు.

ఇప్పుడు ఆదికాండము తెరవండి. యాకోబు మేనమామ లాబాను ఇంట్లోనే ఉండి పనిచేశాడు. వసతి యజమానిదే, భోజనం యజమానిదే. మొదట్లో లాబాను ఎంత తియ్యగా మాట్లాడాడో చూడండి: బంధువువైనంత మాత్రాన ఊరికే పనిచేస్తావా, నీ జీతం ఎంతో చెప్పమని అడిగాడు. 20 ఏళ్ళ తర్వాత యాకోబు తన లెక్క విప్పాడు. పదిసార్లు జీతం మార్చారన్నాడు. మృగాలు చీల్చిన గొర్రె విలువ, దొంగలు ఎత్తుకుపోయిన గొర్రె విలువ తన మీదే వేశారన్నాడు. దేవుడు తోడు లేకపోతే వట్టి చేతులతో పంపేసేవాడివని ముఖం మీదే చెప్పాడు. 31వ అధ్యాయాన్ని మేము చాలా ఏళ్ళు కుటుంబ కలహంగానే బోధించాం. ఈ తమ్ముడితో కూర్చున్నాక అది జీతం చీటీలా కనబడింది. లాబాను ఇంట్లో ఉన్నంతకాలం యాకోబు గట్టిగా అడగలేకపోయాడు. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది కదా.

మన తెలుగు బైబిల్లో ఒక చక్కని సంగతి. కొత్త నిబంధనలో పత్రిక రాసిన ఆయన పేరు కూడా యాకోబే. ఒక యాకోబు జీతం పోగొట్టుకున్నాడు. ఇంకో యాకోబు, తన పత్రిక అయిదో అధ్యాయంలో, కోత కోసిన పనివారి కూలి బిగపట్టిన ధనవంతులను నిలదీశాడు. కూలి అన్న మాట మనకూ తమిళులకూ ఒకటే, అర్థం కాలేదని ఇక్కడెవరూ తప్పించుకోలేరు.

ఈ ఊళ్ళకు ఇది కొత్త కాదు. కోయంబత్తూరులో మొదటి నూలు మిల్లు 1888లో వచ్చింది. 1930లలో పైకారా కరెంటు వచ్చాక మిల్లులు పెరిగాయి. యజమానుల్లో తెలుగు నాయుళ్ళు ఉన్నారు, వీధులు ఊడ్చేవాళ్ళలో తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఉన్నారు. ఒకే భాష మాట్లాడినంత మాత్రాన జీతం దగ్గర చుట్టరికం రాలేదు. మొన్నమొన్నటి సుమంగళి పథకం మీకు గుర్తుండే ఉంటుంది. పెళ్ళీడు అమ్మాయిలను మిల్లు హాస్టల్లో ఉంచి, మూడేళ్ళు పనిచేస్తే పెళ్ళి ఖర్చుకు పెద్ద మొత్తం ఒకేసారి ఇస్తామనేవారు. మధ్యలో జబ్బుపడి వెళ్ళిపోయిన అమ్మాయిలు ఎందరో ఆ మొత్తం పోగొట్టుకున్నారు. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన సోమో సంస్థ దీనిపై నివేదిక తెచ్చింది. మహిళల, పిల్లల హాస్టళ్ళను నియంత్రించడానికి తమిళనాడు 2014లో చట్టం చేసింది. హాస్టల్ గేటు రాత్రి ఎవరికోసం తెరుచుకుంటుందో చూడటానికి మాత్రం మనలో ఎవరో ఒకరు వెళ్ళాల్సిందే.

చదువుకున్నవాళ్ళం, మాకు ఈ బాధ లేదని అనుకోకండి. బ్రిటన్‌లో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పనిచేసే మన పిల్లలు చాలామంది అంబ్రెల్లా కంపెనీ అనే మధ్య సంస్థ ద్వారా జీతం తీసుకుంటారు. రోజు రేటు వినడానికి పెద్దదే. అందులోంచే ఆ సంస్థ తన రుసుము, యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ కూడా తీసేసుకుంటుంది. ఒకప్పుడు వేరే ఊళ్ళో ఉన్న అద్దెను ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకునేవారు. 2016 ఏప్రిల్ నుంచి, పై అధికారి అజమాయిషీలో పనిచేసేవారికి అది దాదాపు మూసుకుపోయింది. ఇప్పటికీ రూము అద్దె క్లెయిము చేయించి చేతికి ఎక్కువ ఇస్తామని ఎవరైనా అంటే జాగ్రత్త. తర్వాత పన్ను శాఖ నోటీసు మీ పేరుకే వస్తుంది. ఆ దేశంలో ఇంకొకటి ఉంది: యజమాని ఇచ్చిన గదికి వసూలు చేసే అద్దెలో, 2025 ఏప్రిల్ లెక్కన రోజుకు 10.66 పౌండ్లు దాటిన భాగం కనీస వేతనంలో కోతగానే లెక్కకొస్తుంది. గదికి ఒక అంకె రాసిపెట్టారు. ఇక్కడ ఆ అంకె మేస్త్రీ నోట్లో ఉంది.

కష్టమైన మాట ఒకటి మిగిలింది. ఆ మేస్త్రీకి పని అప్పగించిన కాంట్రాక్టరు మన విశ్వాసే, దశమభాగం క్రమంగా ఇచ్చేవాడే. మేము వెళ్ళి అడిగినప్పుడు కోపం తెచ్చుకున్నాడు. "సంఘం పైకప్పుకు ఎవరిచ్చారు అయ్యగారూ?" అన్నాడు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆయన అడిగింది నిజమే. పైకప్పులో ఆ 12 మంది చాపల డబ్బు ఎంత ఉందో మేమూ లెక్క వేయలేదు. మన మిషను బడుల్లో, ఆసుపత్రుల్లో ఏజెన్సీ ద్వారా వచ్చే ఆయాలకు, వాచ్‌మన్లకు చేతికి ఎంత వస్తుందో కూడా ఎప్పుడూ అడగలేదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టమే చెప్పింది. ఆ యజమాని కుర్చీలో అప్పుడప్పుడు మన కమిటీయే కూర్చుని ఉంటుంది.

వారం తర్వాత ఆయనే ఫోన్ చేశాడు. ఇంటి అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు తీసుకొస్తానన్నాడు. ఇంకా తేలేదు. తెస్తే లెక్క అందరి ముందే వేస్తాం.

మీరు చేయగలిగినవి చిన్నవే. రూము డబ్బు నగదుగా ఇవ్వకండి, ఫోన్ ద్వారా పంపండి, రుజువు ఉంటుంది. మేస్త్రీ ఒప్పుకోకపోతే తేదీ, మొత్తం ఆ రోజే రాసుకుని పక్కవాడితో సంతకం పెట్టించండి. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, కోసిన 12 శాతం నిజంగా పడుతోందో చూడండి. వచ్చే ఆదివారం మధ్యాహ్నం నుంచి గుడి వెనక గదిలో మేము కూర్చుంటాం. జీతం చీటీ, బ్యాంకు పుస్తకం తీసుకురండి. చీటీ ఇవ్వనివాళ్ళు ఉంటే ఆ సంగతే వచ్చి చెప్పండి. ఆ శ్రీకాకుళం తమ్ముడు కూడా ఉంటాడు, లెక్కలు రాసే పని అతనే తీసుకున్నాడు.