పరీక్షలు సరే, రిపోర్టు చదివారా?



బీకాం పిల్లలు ముందే పంపిన ప్రశ్నల్లో ఎక్కువ ఒకటే: సీఎఫ్ఏ (చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్) చేస్తే ఇన్వెస్ట్‌మెంట్ రంగంలో ఉద్యోగం వస్తుందా? ఇంటర్వ్యూ దాకా రావచ్చు. ఆ తర్వాత మీ సత్తా.

ఆ కోర్సులో మూడు లెవెళ్లు. ఫీజులకే రెండు లక్షలు దాటుతుంది. మూడూ పాసైనా, కనీసం 36 నెలల్లో 4,000 గంటల అనుభవం చూపిస్తేగానీ పేరు పక్కన ఆ మూడక్షరాలు పెట్టుకోనివ్వరు. ఉద్యోగం కోసం చార్టర్ అని మనం బయల్దేరితే, ముందు ఉద్యోగం చూపించమంటుంది చార్టర్! అయినా వద్దనను. ముంబైలో తెలిసినవాళ్లు లేని గరివిడి పిల్లల రెజ్యూమె పక్కన పడేయకుండా చదివించేది అలాంటిదే. అప్పు చేసి మాత్రం మొదలుపెట్టకండి.

ముందు ఎన్‌ఐఎస్‌ఎం పరీక్షలు రాయండి. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టింది దాన్ని. ఫీజు సీఎఫ్ఏ ముందు చిల్లర లెక్క. మ్యూచువల్ ఫండ్లు అమ్మాలన్నా, రీసెర్చ్ అనలిస్టుగా షేర్ల మీద సలహా రాయాలన్నా ఆ సర్టిఫికెట్ ఉండి తీరాలి.

ఎందుకుండాలో మన జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల కంపెనీ సుమారు 32 లక్షల మంది దగ్గర ఆరు వేల కోట్లకు పైగా వసూలు చేసి చేతులెత్తేసింది. ఏజెంట్లు పరాయివాళ్లా? పిన్ని, కిరాణా కొట్టు బాబాయి, ట్యూషన్ మాస్టారు. కమీషన్ ఎంతో వాళ్లకు తెలుసు, డబ్బు ఎటు పోతోందో తెలీదు. తర్వాత బాండు కాగితం పట్టుకుని పక్కింటావిడ అరుగు మీద కూర్చుంటే, ఆవిడకు మొహం చూపించలేక దొడ్డిదారిన పోయినవాళ్లున్నారు.

పరీక్ష పాసైతే మోసం ఆగుతుందనీ అనను. సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కలకు సంతకం పెట్టినవాళ్లు చార్టర్డ్ అకౌంటెంట్లే. హైదరాబాదులో షేర్ బ్రోకింగ్ కంపెనీ కార్వీని మొదలుపెట్టినవాళ్లూ చార్టర్డ్ అకౌంటెంట్లే. ఖాతాదారుల షేర్లు తాకట్టు పెట్టిన వ్యవహారంలో 2019లో సెబీ ఆ కంపెనీ మీద వేటు వేసింది.

ఇక ఇంటర్వ్యూ. అక్కడ అడిగేది సూత్రాలు కాదు, ‘ఒక కంపెనీ గురించి చెప్పు’ అంటారు. రిలయన్స్ గురించి అందరూ చెప్తారు. మీరు మన గరివిడి కంపెనీ గురించి చెప్పండి; పుట్టిన దగ్గర్నుంచీ ఫేకర్ పేరు వింటున్నారు. ఫేకర్ అల్లాయ్స్ షేరు బీఎస్ఈలో ఉంది. దాని వార్షిక నివేదిక ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. ఆ కంపెనీ సరుకైన ఫెర్రో క్రోమ్ తయారీ కరెంటును తాగేస్తుంది. దేశంలో క్రోమ్ ఖనిజమేమో దాదాపు అంతా ఒడిశాలోనే. కరెంటు యూనిట్ రేటు ఒక్క రూపాయి పెరిగితే లాభం ఏమవుతుంది? కొలిమి ఆగిన నెలల్లో జీతాలెలా ఇచ్చారు? ఆడిటర్ నోట్‌లో ఏం రాశాడు? రెండు పేజీల్లో మీ సొంత మాటల్లో రాయండి. మీ నాన్నో మామయ్యో ఆ ఫ్యాక్టరీలో చేసి ఉంటే, రాసింది ముందు ఆయనకు చదివి వినిపించండి; ఎక్కడ తప్పుందో చెప్పేస్తాడు. దిద్దుకున్న ఆ కాగితాలు సర్టిఫికెట్ల ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకుని వెళ్లండి.